ఇనప నాగలి దారిలో: బెళగావి, కిర్లోస్కర్‌వాడి, ఔంధ్

మొదటి రోజు: బెళగావి

గుంటూరులో రాత్రి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే హుబ్బళ్ళి. అక్కడి నుంచి బెళగావికి బస్సు. ధార్వాడ దాటి కిత్తూరు వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన కొంత మేర నల్లరేగడి, మరికొంత మేర ఎర్రనేల. కిటికీ పక్కన కూర్చున్న మా బాబాయి, "ఒరేయ్, ఇది అచ్చం మన పల్నాడు రేగడేరా. వాన పడితే కాలు తియ్యనివ్వదు, ఎండితే గడ్డపార దిగనివ్వదు" అన్నాడు.

బాబాయి దుగ్గిరాల చుట్టుపక్కల ఊళ్ళలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసి పిల్లల్ని చదివించుకున్న మనిషి. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. కిర్లోస్కర్ అన్న మాట మా ఇంట్లో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వినపడుతూనే ఉంది. కాలవగట్టు మీద ఇంజనుకీ అదే పేరు, బోరు మోటారుకీ అదే పేరు, మా కాలేజీ ల్యాబులో పిల్లలు లోడ్ టెస్ట్ చేసే 5 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్ ఇంజనుకీ అదే పేరు. ఆ కంపెనీ పెట్టిన లక్ష్మణరావు కిర్లోస్కర్ రైతు కోసం మొదట చేసినవి ఇంజనూ మోటారూ కావు, చొప్ప కత్తిరించే యంత్రం, దాని తర్వాత ఇనప నాగలి. ఆ నాగలి ఎక్కడ మొదలైందో, ఎక్కడ స్థిరపడిందో వరసగా చూడాలని బయల్దేరాం.

లక్ష్మణరావు 1869 జూన్ 20న పాత బెళగావి జిల్లాలోని గుర్లహొసూరులో పుట్టాడు. తండ్రి కాశీనాథపంత్ వేదాంతి. కొడుక్కి మాత్రం బొమ్మలన్నా, మరలన్నా పిచ్చి. అన్న రామూఅణ్ణ సాయంతో బొంబాయి వెళ్ళి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరాడు. కొన్ని రంగుల మధ్య తేడా తన కంటికి తెలియడం లేదని అక్కడ బయటపడింది. దాంతో చిత్రలేఖనం వదిలేసి మెకానికల్ డ్రాయింగ్ పట్టుకున్నాడు, విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో అదే పాఠం చెప్పే ఉద్యోగంలో కుదిరాడు. తనకు రావాల్సిన ప్రమోషన్ ఒక ఆంగ్లో ఇండియన్‌కి ఇచ్చేసరికి ఉద్యోగం వదిలేశాడు. నేనూ ఆ పాఠమే చెబుతాను కాబట్టి ఈ సంగతి చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. డ్రాయింగ్ బోర్డు మీద గీసిన గీతను వస్తువుగా మార్చి చూపించాలనే పట్టుదల లేకపోతే, నెలజీతం వదులుకుని తిరిగి బెళగావి వచ్చేవాడు కాడు.

బెళగావిలో అప్పటికే అన్నదమ్ముల సైకిల్ దుకాణం ఉంది, 1888 నాటిది. తమ్ముడు బొంబాయి నుంచి సైకిళ్ళు పంపిస్తే అన్న అమ్మేవాడు, తొక్కడం కూడా నేర్పేవాడు. కిర్లోస్కర్ బ్రదర్స్ అన్న పేరు ఆ దుకాణానిదే. ఇప్పుడు ఊరి మధ్యలో కిర్లోస్కర్ రోడ్ అని ఒక బజారు వీధి ఉంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాం. బట్టల కొట్లు, మందుల షాపులు, పండగ రద్దీ. పాత సైకిల్ దుకాణం ఆనవాలు మాకేమీ కనపడలేదు. వీధి పేరొక్కటే మిగిలింది.

సాయంత్రం తిలక్‌వాడి వైపు వెళ్ళాం. ఆ ప్రాంతంలోనే వాళ్ళ చిన్న వర్క్‌షాపు ఉండేది. అక్కడే చొప్ప కత్తిరించే యంత్రం తయారైంది, అక్కడే ఇనప నాగలి పోత పోశారు. ఇప్పుడక్కడంతా ఇళ్ళే. ఊరు పెరుగుతోందని మునిసిపాలిటీ ఆ స్థలం ఖాళీ చెయ్యమన్నప్పుడు లక్ష్మణరావుకి నలభై ఏళ్ళు. నాగలి కొనడానికి రైతులు అప్పుడప్పుడే ముందుకొస్తున్న రోజులు. బాబాయి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నడిచి, "కొలిమి పీకి ఇంకోచోట పెట్టడమంటే మాటలా" అన్నాడు. కుందా అనే అక్కడి మిఠాయి కొనుక్కుని లాడ్జికి వచ్చేశాం.

రెండో రోజు: బెళగావి నుంచి కిర్లోస్కర్‌వాడి

పొద్దున రైలెక్కి మిరజ్‌లో దిగాలి, మూడు గంటల పైచిలుకు ప్రయాణం. కుడచి దాటాక రైలు కృష్ణ మీదుగా వెళ్ళింది. డబ్బాలో వాళ్ళెవరూ తలెత్తలేదు గానీ మేమిద్దరం లేచి తలుపు దగ్గరికెళ్ళాం. మా పొలాలు తడిపే నీళ్ళు ఇక్కడ ఇంకా చిన్న ఏరులా, చెరుకు తోటల మధ్య నుంచి పోతున్నాయి. బాబాయి దండం పెట్టుకున్నాడు.

మిరజ్‌లో సితార్లు, తంబూరాలు చేసేవాళ్ళ వీధి ఉంది. రైలుకు రెండు గంటలు వ్యవధి ఉండటంతో వెళ్ళి చూశాం. పండిన పెద్ద సొరబుర్రలు వరసగా వేలాడదీసి ఉన్నాయి. ఆ సంగతి వేరే రాయాలి, ఇక్కడ పట్టదు.

మిరజ్ నుంచి పుణె వైపు వెళ్ళే లైన్లో సాంగ్లీ, భిలవడి దాటాక కిర్లోస్కర్‌వాడి స్టేషన్. గంటలోపే చేరిపోయాం. ఈ స్టేషన్ పేరు మొదట కుండల్ రోడ్. పక్కనున్న కుండల్ గ్రామం ఔంధ్ సంస్థానంలోది. బెళగావిలో చోటు పోయిన లక్ష్మణరావుకి ఔంధ్ రాజు బాళాసాహెబ్ పంత్ ప్రతినిధి ఇక్కడ 32 ఎకరాలు ఇచ్చాడు, పదివేల రూపాయలు అప్పు కూడా ఇచ్చాడు. ఇచ్చిన నేల మంచిదేం కాదు. నాగజెముడు, రాళ్ళు, తాచుపాములు. 1910 మార్చి 10న పాతికమంది పనివాళ్ళు, వాళ్ళ కుటుంబాలు ఇక్కడ దిగాయి. జంషెడ్‌పూర్‌లో టాటాలు తొలి ఉక్కు దిమ్మె పోసింది 1912లో. అంతకు రెండేళ్ళ ముందే, ఏ వసతీ లేని ఈ బీడులో నాగళ్ళు చేసేవాళ్ళ ఊరు మొదలైంది.

స్టేషన్ బయటికి రాగానే చెట్ల నీడ. ఆ చెట్లన్నీ మనుషులు నాటినవే. కార్ఖానా గోడ, దాని వెంబడి రోడ్డు, అవతల క్వార్టర్లు. ఇప్పుడిక్కడ తయారయ్యేవి పంపులు. షిఫ్టు మారే వేళ కావడంతో సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు బిలబిలమంటూ గేట్లోంచి వచ్చాయి. లోపలికి వెళ్ళాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, మేం తీసుకోలేదు. మేం వచ్చింది పాత ఊరు చూడటానికి, పాతవాళ్ళతో మాట్లాడటానికి.

టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ఇసక అచ్చులు కట్టే పనిలో రిటైరయిన మనిషి, అందరూ కాకా అంటున్నారు, మేమూ అలాగే పిలిచాం. బాబాయి తన చేతులు చూపించి "ఇంజన్ మిస్త్రీ" అన్నాడు. అంతే, ఇద్దరూ కలిసిపోయారు. ఈయన హిందీ గుంటూరు హిందీ, ఆయన హిందీలో సగం మరాఠీ. నాకంటే వాళ్ళిద్దరికే ఒకరి మాట ఒకరికి బాగా అర్థమైంది.

కాకా వాళ్ళ తాత ఇక్కడికి మొదటి రోజుల్లోనే పనికి వచ్చాడట. కాకా అన్నిటికంటే ముందు చెప్పిన సంగతి కార్ఖానా గురించి కాదు. ఈ కాలనీలో అంటరానితనం పాటించనివ్వలేదని, బావి దగ్గర గానీ భోజనాల దగ్గర గానీ వేరు పంక్తి లేదని. జైలుకు వెళ్ళొచ్చినవాళ్ళని తెచ్చి రాత్రి కాపలాకి పెట్టారని కూడా చెప్పారు. ఇవి లక్ష్మణరావు జీవితం గురించి రాసినవాళ్ళంతా రాసిన విషయాలే. కానీ ఆ ఊళ్ళో పుట్టిపెరిగిన మనిషి నోట, "మా తాత అక్కడే తాగాడు ఆ నీళ్ళు" అని వినడం వేరు.

రాత్రి పలూస్‌లో బస. జొన్నరొట్టె, పిఠ్లా, పచ్చిమిరప ఠేచా. బాబాయి ఠేచా రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

మూడో రోజు: కర్రు

ఈ రోజు కోసమే మొత్తం ప్రయాణం అనిపించింది నాకు.

కాకా తనకు తెలిసిన చిన్న ఫౌండ్రీకి తీసుకెళ్ళారు. రేకుల షెడ్డు, మూలన నల్లటి ఇసక గుట్ట. అక్కడ పోసేది పంపు భాగాలు. అయినా పాత నాగలి కర్రు, అంటే నేలని కోసే ఇనప మొన భాగం, ఎలా పోసేవాళ్ళో చూపించమని అడిగితే ఆయన ఎంతో ఉత్సాహంగా ఇసక పిడికిట్లోకి తీసుకుని నొక్కారు. వేళ్ళ ముద్రలు చెదరకుండా నిలిచాయి. "ఇలా నిలబడాలి, విరిస్తే మధ్యకి శుభ్రంగా విరగాలి, చేతికి తడి అంటకూడదు. అప్పుడు పనికొస్తుంది" అన్నారు. చెక్క నమూనాని బాక్సులో పెట్టి, మెత్తటి ఇసక జల్లి, దాని మీద ముతక ఇసక పోసి దిమ్మిసతో కొట్టారు. నమూనా బయటికి తీశాక ఇసకలో కర్రు ఆకారం పడింది. ఆ తర్వాత చేసిన పనే అసలు కిటుకు. కర్రు మొన వచ్చే చోట ఇసక తీసేసి అక్కడ ఒక ఇనప దిమ్మె అమర్చారు.

పోత ఇనుము ఇసకలో మెల్లగా చల్లారితే అందులోని కార్బన్ గ్రాఫైట్ రేకులుగా విడిపోతుంది. ఆ ఇనుము బూడిదరంగులో ఉంటుంది, ఆకురాయికి అరుగుతుంది. అదే ఇనుము చల్లటి లోహాన్ని తాకి ఒక్కసారిగా గడ్డకడితే కార్బన్ విడివడే వ్యవధి ఉండదు, ఇనుముతో కలిసి కార్బైడ్ అయిపోతుంది. అది తెల్లగా ఉంటుంది, చాలా గట్టిది, కానీ పెళుసు. కర్రు మొన మాత్రం తెల్ల ఇనుము కావాలి, నేల రాపిడికి అరక్కుండా. వెనక భాగం బూడిద ఇనుమే ఉండాలి, రాయి తగిలితే మొత్తం పగిలిపోకుండా. నేను క్లాసులో బోర్డు మీద వక్రరేఖలు గీసి చెప్పే సంగతి ఇది. కాకా ఒక పాత విరిగిన కర్రు ముక్క ఇసక గుట్ట పక్కనుంచి తీసి నా చేతిలో పెట్టారు. విరిగిన చోట చూస్తే అంచు వెంబడి చిటికెనవేలు మందాన వెండిలా మెరుస్తూ తెల్లటి పట్టీ, సన్నటి సూదుల్లాంటి గీతలు లోపలికి దిగి ఉన్నాయి. ఆ గీతలు ఆగినచోట నుంచి మసక బూడిదరంగు. రెండు లోహాలు కలిపి అతికించారా అనిపించేంత తేడా. పాఠం చెప్పడం మొదలుపెట్టిన తర్వాత ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చూడలేదు.

లక్ష్మణరావు కష్టమంతా ఈ తెల్ల పట్టీ దగ్గరే వచ్చిందని కాకా అంటారు. బెళగావిలో 1903 ప్రాంతంలో విలాయతీ నాగలి చూసి తను కూడా చేశాడు. కొనేవాడు లేడు. ఇనుము తగిలితే నేల విషమైపోతుందని రైతుల భయం. మొదటి నాగలి అమ్ముడుపోవడానికే రెండేళ్ళు పట్టింది. కొన్నవాళ్ళు కూడా మొన తొందరగా అరిగిపోతోందని తెచ్చి ముందు పడేశారట. ఆయన వాళ్ళతో వాదించకుండా మొన గట్టిపడే విద్య నేర్చుకునే పనిలో పడ్డాడు. ఇది వాళ్ళ తాతల నుంచి వాళ్ళ ఇంట్లో చెప్పుకునే మాట.

రైతుల భయాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్ళంటే నాకు పడదు. చెక్క నాగలి ఊరి వడ్రంగి చేస్తాడు, కర్రు ఊరి కమ్మరి సాగగొడతాడు, కూలి కింద గింజలు కొలిచిపోస్తే సరిపోతుంది. ఇనప నాగలి రొక్కం పెట్టి కొనాలి. అదునులో మొన విరిగితే ఊళ్ళో ఎవరూ బాగుచెయ్యలేరు. దుక్కి ఆగిపోతుంది. ఏడాది తిండి పోతుంది. అంత జూదం ఆడమంటే ఏ రైతైనా వెనకాడతాడు. గట్టి మొన చేసి, అది అరిగితే బోల్టు విప్పి వేరేది బిగించుకునేలా దగ్గర్లోనే దొరికేలా చేసినవాడే ఆ భయాన్ని పోగొట్టగలిగాడు. లక్ష్మణరావుని గొప్పవాణ్ణి చేసింది ఇదేనని నా అభిప్రాయం.

మధ్యాహ్నం కాకా బంధువుల పొలానికి వెళ్ళాం. ద్రాక్ష పందిళ్ళు, చెరుకు, పక్కన పసుపు. పసుపు చూడగానే బాబాయికి ప్రాణం లేచొచ్చింది. సాంగ్లీ పసుపు ధర మా దుగ్గిరాల యార్డులో రోజూ వాకబు చేసే విషయమే కదా. దున్నకం ఇప్పుడంతా ట్రాక్టర్లదే. అయినా పశువుల కొట్టంలో గోడకి ఆనించి ఒక పాత ఎడ్ల నాగలి ఉంది, మన వ్యవసాయశాఖ వాళ్ళు రెక్క నాగలి అనే రకం. ఇనప నొగ, రెండు పిడుల మేడి, ముందు చిన్న చక్రం. రెక్క లోపలివైపు ఎన్నో ఏళ్ళ మట్టి ఒరుసుకుని అద్దంలా నునుపెక్కింది, బయటివైపు అంతా తుప్పు. బాబాయి కూర్చుని కర్రు కింద చెయ్యి పెట్టి తడిమి, "నాలుగు బోల్టులేరా, పావుగంట పని" అన్నాడు.

చెక్క నాగలి నేలని చీలుస్తుంది, అంతే. మట్టి అటూ ఇటూ జరుగుతుంది గానీ తిరగబడదు. గరిక దుబ్బు అక్కడే ఉండి మళ్ళీ చిగురిస్తుంది. రెక్క నాగలి కర్రుతో అడుగున కోసి, ఆ మట్టిపెళ్ళని రెక్క మీదకి ఎక్కించి బోర్లా పడేస్తుంది. వేరు పైకొచ్చి ఎండుతుంది, ఆకు కిందపడి కుళ్ళుతుంది. దక్కను రేగళ్ళలో గరిక లోతుగా పాతుకుపోతుంది కాబట్టి ఈ తేడా రైతుకి ఒక్క పంటకాలంలోనే కంటికి కనపడుతుంది. అయితే లాగడానికి ఒక జత చాలదు, లోతు దుక్కికి రెండు మూడు జతలు కట్టాల్సిందే. పొలం పెద్దాయన, "మా నాన్న రోజుల్లో ఊళ్ళో నలుగురు కలిసి ఎడ్లు జతపరచుకుని ఒకరి తర్వాత ఒకరి పొలం దున్నేవాళ్ళు" అని చెప్పాడు.

సాయంత్రం కాకా ఇంకో సంగతి చెప్పారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు విలాయతీ ఇనుము రావడం ఆగింది, ఇనుము కరిగించే కోక్ బొగ్గు దొరకలేదు, రంగు కూడా దొరకలేదు. ఇక్కడివాళ్ళు కోక్ బదులు కట్టెబొగ్గు వాడారు, రంగు తామే కలుపుకున్నారు. ఇనుము కోసం కొల్హాపూర్ శాహూ మహారాజ్ తన కోటల్లోని పాత ఫిరంగులు ఇచ్చాడు. అవి కరిగించి నాగళ్ళు పోశారు. విలాయతీ నాగళ్ళు కూడా రావడం ఆగిపోయాయి కాబట్టి అదే వీళ్ళ గిరాకీ పెరిగిన కాలం. 1920లో కిర్లోస్కర్ బ్రదర్స్ లిమిటెడ్ కంపెనీ అయింది. చెరుకు గానుగలు, వేరుశనగ కాయ వొలిచే మరలు, చేతిపంపులు, 1926 నాటికి సెంట్రిఫ్యూగల్ పంపు. 1920లోనే ఒక మరాఠీ పత్రిక, 1930లో ఆడవాళ్ళ కోసం ఇంకొకటి. అన్నీ ఈ స్టేషన్ పక్క ఊళ్ళోంచే.

నాలుగో రోజు: కుండల్, ఔంధ్

పొద్దున్నే కుండల్ చూసి వచ్చాం. 1943 నుంచి 46 దాకా నానా పాటిల్ నాయకత్వంలో సతారా జిల్లాలో బ్రిటిష్ ప్రభుత్వానికి పోటీగా నడిచిన ప్రతి సర్కార్‌కి ఇది గట్టి స్థావరం. మన తెలంగాణ సాయుధ పోరాటం చదివినవాళ్ళు ఆ చరిత్ర కూడా చదవాలి.

తర్వాత రైల్లో రహిమత్‌పూర్, అక్కడి నుంచి ఔంధ్‌కి బస్సు. గుట్ట మీద యమాయీ దేవి గుడి, మెట్ల దారిలో రాజు కట్టించిన భవానీ మ్యూజియం. 1938లో తెరిచారు. రవివర్మ చిత్రాలున్నాయి, హెన్రీ మూర్ చెక్కిన తల్లీబిడ్డల శిల్పం ఉంది. ఇంత చిన్న ఊళ్ళో అది ఎదురవుతుందని మనం ఊహించం. రాజు స్వయంగా చిత్రకారుడు. సూర్యనమస్కారాలని ఊరూరా ప్రచారం చేసిన మనిషి కూడా ఈయనే. 1939లో గాంధీజీ సలహాతో అధికారం గ్రామ పంచాయతీలకి అప్పగించే రాజ్యాంగం తెచ్చాడు.

నాకు ఆ చిత్రాల ముందు నిలబడితే ఒక విషయం తట్టింది. ఆయన గద్దెనెక్కింది 1909లో. మరుసటి ఏడాదే, చోటు పోగొట్టుకున్న ఒక నాగళ్ళ తయారీదారుకి భూమీ అప్పూ ఇచ్చాడు. ఔంధ్ పెద్ద సంస్థానం కాదు, దాని పొలిమేరలు ముక్కలు ముక్కలుగా చెల్లాచెదరుగా ఉండేవి. పది వేలంటే ఆ ఖజానాకి చిన్న మొత్తం అయ్యుండదు. రంగులు సరిగా కనపడక బొమ్మలు మానేసిన మనిషిని బొమ్మలు వేసే రాజు ఆదుకోవడం నాకు చాలా నచ్చింది.

1948 ఈ రెండు ఊళ్ళకీ భారమైన ఏడాది. గాంధీజీ హత్య తర్వాత ఈ ప్రాంతమంతా అల్లర్లు చెలరేగి, కిర్లోస్కర్‌వాడి కార్ఖానాకి నిప్పు పెట్టారు. అప్పటికి లక్ష్మణరావుకి 78 ఏళ్ళు. ఆ మార్చిలోనే ఔంధ్ సంస్థానం భారతదేశంలో కలిసిపోయింది. కార్ఖానాని మళ్ళీ కట్టారు. ఆయన 1956 సెప్టెంబరు 26న పోయేనాటికి అందులో పని నడుస్తూనే ఉంది.

అయిదో రోజు: పుణె

ఇది బాబాయి కోసం. లక్ష్మణరావు కొడుకు శంతనురావు అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో 1926లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి కిర్లోస్కర్‌వాడికే పనికి వచ్చాడు. 1946లో పుణె పక్కన ఖడ్కీలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ మొదలుపెట్టాడు. బాబాయి జీవితమంతా చదివిన నేమ్‌ప్లేట్ల మీద ఉన్న ఊరు ఇదే. ఆటో దిగి గేటుకి అవతలివైపు రోడ్డు మీద నిలబడ్డాం.

నేను కర్రు గురించి మళ్ళీ ఎత్తాను. బాబాయి ఒప్పుకోలేదు. "నాగలి నాగలేరా. కానీ నీళ్ళు లేకపోతే ఎంత బోర్లా వేసి దున్నినా ఏం లాభం? మన గట్టు మీద రాత్రంతా ఆగకుండా తిరిగింది ఇంజను" అన్నాడు. మరి వేరే కంపెనీల ఇంజన్లు కూడా వచ్చాయి కదా, ఊళ్ళో అందరూ దీన్నే ఎందుకు కొన్నారని అడిగాను. ఆలోచించకుండానే జవాబిచ్చాడు. "నాజిల్ పోతే తెనాల్లో దొరుకుతుంది. రింగులు పోతే తెనాల్లో దొరుకుతాయి. పొద్దున పోతే సాయంత్రానికి బిగించేవాణ్ణి. మిగతా వాటికి మద్రాసు పోవాల్సొచ్చేది."

కాకా ఇచ్చిన విరిగిన కర్రు ముక్క సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టి, నేను చెప్పేదీ అదే కదా బాబాయ్ అన్నాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయినా ఇంజనే గొప్ప" అన్నాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. ప్యాసింజర్ రైళ్ళతో పాటు కొన్ని ఎక్స్‌ప్రెస్‌లే కిర్లోస్కర్‌వాడిలో ఆగుతాయి, ముందే చూసుకోండి. కార్ఖానా లోపల చూడాలంటే ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకోండి. బస పలూస్‌లో గానీ సాంగ్లీలో గానీ దొరుకుతుంది.